చెవి వెనక బుడిపె

పోయిన వారం ఒక ముసలామెను ప్రేమకుమారి వాకిట్లో, ఎండలో నిలబెట్టి వెళ్లిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆమెను లోపలికి పిలిచేముందు సంగతులు ఒకసారి గుర్తు చేసుకుందాం.

ప్రేమకుమారి జమ్మలమడుగులో మిషన్ బడి టీచరు. ఇరవై ఆరేళ్ల మనిషి. చంటిబిడ్డగా ఉన్నప్పుడు తలలో నీరు చేరితే వేలూరు డాక్టర్లు కుడి చెవి వెనక పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టం వేశారు. షంట్ అంటారు దాన్ని. చర్మం కిందనే మెడ మీదుగా దిగి కడుపులోకి పోతుంది. తలలో ఎక్కువైన నీటిని అక్కడికి దించుతుంది. అది సరిగ్గా పనిచేసినన్నాళ్లూ ఆమె మనలాంటి మనిషే. మూసుకుపోతే తలనొప్పి, తెల్లవారగానే వాంతులు, మగత, ఆలస్యం చేస్తే చావు. చిన్నతనంలో ఒకసారి అలా మూసుకుపోతే వేలూరులోనే మార్చారు. ఇప్పుడు మళ్లీ తలనొప్పి మొదలైంది. వెంటనే వేలూరు వెళ్లమని జమ్మలమడుగు డాక్టరు చెప్పేశాడు.

తలలో నీరు ఎందుకు చేరిందంటే ఎర్రవంకపల్లెలో ఎవరిని అడిగినా ఒకటే జవాబు: బాంబు. అవతలి పార్టీవాళ్లు పల్లె మీద పడిన రోజు, అదే ఊళ్లో గొర్రెలు కాసే మునెయ్య విసిరిన నాటుబాంబు పెంకు ఉయ్యాలలోని బిడ్డకు తగిలిందట. ఆ కసితో పల్లె పెద్దాయన మనుషులు మునెయ్యను గొర్రెల దొడ్డి దగ్గరే నరికేశారు. అప్పటినుంచి ఎన్నికలొచ్చిన ప్రతిసారీ పల్లె పెద్దాయన ప్రేమకుమారిని వేదిక ఎక్కించి, జడ పక్కకు తీయించి, మచ్చ జనానికి చూపిస్తున్నాడు. ఈ తొంభై తొమ్మిది ఎన్నికల్లో ఆయన కొడుకు పోటీలో ఉన్నాడు. చిన్నన్న అంటారు అతన్ని. ఈ మధ్యాహ్నం ప్రొద్దుటూరులో సభ. సభ కాగానే జీపు నేరుగా వేలూరుకు తీసుకుపోతుందని కబురు పంపాడు.

ఇదీ ఇప్పటిదాకా జరిగింది. ఇక వాకిట్లో ముసలామె.

"ఒక్కతూరి నీ తలకాయ తాకనిస్తావా తల్లీ?"

ప్రేమకుమారికి ఇది కొత్త కాదు. సభ జరిగిన ప్రతిచోటా ఎవరో ఒకామె వచ్చి తల నిమిరి కన్నీళ్లు పెట్టుకునేది. విసుగనిపించినా కాదనేది కాదు. ఇప్పుడూ మెట్టు మీద కూర్చుని, జడ ముందుకు వేసుకుని తల వంచింది.

ముసలామె చేయి వెతుక్కోలేదు. జుట్టులోకి పోయి నేరుగా చెవి వెనక ఉన్న మెత్తని బుడిపె మీద ఆగింది. బొటనవేలితో దాన్ని మెల్లగా నొక్కింది. వదిలింది. కాసేపు ఆగి అక్కడే వేలు ఆనించి చూసింది.

"లేయలేదే," అంది.

"ఏంది అవ్వా?"

"ఇది. నొక్కి ఇడిస్తే మళ్లీ పైకి లేయాల. మా పిల్లోనిది టక్కున లేస్తాది. నీది అట్లే గుంట పడిపోయుండాది."

ప్రేమకుమారి తల ఎత్తి ఆమె ముఖంలోకి చూసింది. ఎండకు నల్లబడిన ముఖం, అరిగిపోయిన ముక్కుపుడక, భుజాన గుడ్డసంచి. పులివెందుల బస్సు దిగి వచ్చానని చెప్పింది ఇందాక.

"మీ పిల్లోనికి గూడా ఉండాదా ఇది?"

"నా మనవడు. తిరుపతిలో ఏపించినాం. తలకాయ గుమ్మడికాయ మాదిరి పెరిగిపోతాంటే, కండ్లు కిందికి వాలిపోతాంటే ఎత్తుకోని ఉరికినాం. ఈ బుడిపె అప్పుడప్పుడూ నొక్కుతా ఉండమని డాక్టరమ్మ నా ఏలు పట్టుకోని చూపించింది."

అప్పుడు ప్రేమకుమారి ఒక మాట అడిగింది. ఆ మాట మన సీమలో పుట్టినవాళ్లు మాత్రమే అడుగుతారు. ఇక్కడ మనిషి తల మీద మచ్చ కనిపిస్తే ఏమైందని ఎవరూ అడగరు.

"ఎవురేసినారు అవ్వా?"

ముసలామె మెట్టు మీద ఆమె పక్కనే కూలబడింది.

"ఎవురూ ఏయలేదు తల్లీ. అట్లే పుట్టినాడు."

ఆ మాట ప్రేమకుమారికి వెంటనే అర్థం కాలేదు. కొన్ని మాటలు చెవిలో పడి కూడా లోపలికి దిగడానికి టైము తీసుకుంటాయి. వేలూరులో డాక్టర్లు తల పట్టి చూసిన ప్రతిసారీ "పుట్టుకతోనా?" అని అడిగేవారు. అమ్మ ఔనని తల ఊపేది. భాష తెలియక ఊపుతోందని ప్రేమకుమారి మనసులో నవ్వుకునేది. ఆ డాక్టర్లలో ఒకాయన చిత్తూరువాడు, తెలుగులోనే అడిగాడు. అది ఇప్పుడు గుర్తొచ్చింది.

బియ్యం చెరుగుతున్న చాటతోనే తల్లి సంతోషమ్మ గడపలోకి వచ్చింది. కూతురి పక్కన కూర్చున్న మనిషిని చూసి ఆగిపోయింది. చాట నేల మీద పెట్టింది.

"ఈశ్వరక్కా," అంది.

"నేనే సంతోషమ్మా. గుర్తు పడతావో లేదో అనుకుంటి."

సంతోషమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. కూతురి వైపు చూడకుండా చెప్పింది. "మునెయ్య పెండ్లాము పాపా ఈమె."

ప్రేమకుమారి పక్కకు జరిగింది. కావాలని జరగలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి మునెయ్య అంటే తన తల పగలగొట్టినవాడు. ఆ పేరు వింటే నెత్తిలో నొప్పి లేచేది. ఈశ్వరమ్మ ఆ జరగడం చూసింది, నొచ్చుకోలేదు.

"నీతో కొట్లాడేకి రాలేదు తల్లీ," అంది. "పోయిన ఎలచ్చన్లలో పులివెందుల మీటింగులో నిన్ను దూరంనుంచి చూసినా. మెడ మీద గొట్టం పైకి తేలింటే చూసి, బాంబు తగిలితే గొట్టం ఎట్లొచ్చె అని అనుకున్యా. అంతే, ఇంటికి పోతి. మొన్న నా మనవని మెడ మీద అదే గొట్టం చూసినా. ఆ చెవి ఎనకనే. అదే బుడిపె. సంతోషమ్మా, నువ్వు చెప్పు. నా మొగుడు బాంబు ఏసినాడా?"

వీధిలో ప్రచారం ఆటో ఒకటి మైకు మోగించుకుంటూ పోయింది. అది మలుపు తిరిగాక సంతోషమ్మ నోరు విప్పింది.

"మేము ఆ దినం ఊర్లోనే లేము అక్కా."

"యాడుండారు?"

"వేలూర్లో. పాప ఇట్లే పుట్టింది. దిష్టి తగులుతాదని నెత్తికి గుడ్డ సుట్టి ఇంట్లోనే పెట్టుకుంటి. మా పేటోళ్లకు తప్ప ఎవురికీ తెల్దు. పెద్దాయన జీపు ఇస్తే వేలూరు పోయినాం. మేము ఆస్పత్రిలో ఉండంగానే ఈడ బాంబులు పడినాయి. గొట్టం ఏపించుకోని వస్తే, జీపు ఊరి మధ్యలో ఆగింది. బిడ్డ నెత్తికి ఇంత కట్టు. ఎవురో ఒకామె చూసి, అయ్యో చంటిబిడ్డ మీద గూడా ఏసినారే అని ఎదురొమ్ము బాదుకున్యాది. జనం కమ్ముకున్యారు. మా ఆయన కాదని చెప్పబోయినాడు. పెద్దాయన భుజం మీద చెయ్యేసి, ఊరుకో దాసయ్యా అన్యాడు. అంతే. ఆ ఒక్క మాటకు మా ఆయన నోరు పడిపోయింది."

"నా మొగుని పేరు ఎవురు చెప్పినారు?"

"తెల్దు అక్కా. మూడో నాడు నరికినారని ఇన్నాం."

ఈశ్వరమ్మ ఏడవలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎదురుగోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

ప్రేమకుమారికి ఆ క్షణంలో తండ్రి గుర్తొచ్చాడు. దాసయ్య ప్రతి ఆదివారం గుడికి వచ్చేవాడు, వెనక వరసలో కూర్చునేవాడు, పాటలు పాడేవాడు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచే వేళకు మాత్రం లేచి బయటికి వెళ్లిపోయేవాడు. చనిపోయేదాకా ఒక్కసారి కూడా ఆ రొట్టె ముట్టలేదు. తాగుడు అలవాటు ఉంది కాబట్టి సిగ్గుపడుతున్నాడని సంఘంలో అందరూ అనుకున్నారు. కూతురు కూడా అదే అనుకుంది, ఆ తాగుడుకు తండ్రిని అసహ్యించుకుంది. సాటిమనిషి రక్తం చేతికంటిందని తెలిసినవాడు ఆ బల్ల ముందు ఎలా మోకరిస్తాడు? ఆ ముక్క కన్నకూతురికి కూడా చెప్పకుండా తనలోనే పూడ్చుకుని పోయాడు. ఆమెకు తండ్రి మీద జాలి పుట్టింది. అంతకంటే ఎక్కువగా కోపం వచ్చింది.

"అవ్వా, నన్నేం చేయమంటావు?" అని అడిగింది.

"రెండు అడగాలనొచ్చినా. ఒకటి, నా మనవడు బతుకుతాడా? నీ మాదిరి పెద్దోడు అవుతాడా?"

ప్రేమకుమారి అబద్ధం చెప్పలేదు. "అవుతాడు అవ్వా. బడికి పోతాడు, ఉద్యోగం చేస్తాడు. తలనొప్పని పడుకుంటే మాత్రం ఎండదెబ్బనో దిష్టనో కూర్చోవాకండి. ఆ దినమే ఎత్తుకోని ఉరకండి. బతికినన్నాళ్లూ అంతే."

"అట్లే చేస్తాం తల్లీ." ఈశ్వరమ్మ ముఖం కాస్త తేటపడింది. "రెండోది, నా కొడుకు చిన్నసుబ్బయ్యను ఇప్పటికీ బిడ్డమీద బాంబేసినోని కొడుకనే అంటారు. ఊరిడిసి పులివెందుల పక్కన గొర్రెలు మేపుకుంటాండాం. రేపు నా మనవన్ని గూడా అదే అంటారు. నువ్వు ఆ మైకులో మాట్లాడతావు గదా. ఒక్క మాట. మునెయ్య ఏయలేదని ఒక్క మాట."

సంతోషమ్మ లేచి కూతురి చేయి పట్టుకుంది. "వద్దు పాపా. నీ ప్రాణం మీదికి వచ్చుండాది. జీపు వాళ్లది. ముందు వేలూరు పోయొద్దాం. బాగైనాంక చెప్పొచ్చు."

"రాకపోతే?"

"అట్లా అనాకు."

"తిరిగి రాకపోతే అమ్మా? ఈ తలకాయను పూడ్చిపెట్టినాంక మునెయ్య ఏయలేదని ఎవురు చెప్తారు? నువ్వు చెప్తావా?"

సంతోషమ్మ చేయి వదిలేసింది.

ప్రేమకుమారి ధైర్యవంతురాలేమీ కాదు. పుట్టినప్పటినుంచి తల ఎక్కడ తగులుతుందో, గొట్టం ఎప్పుడు మూసుకుంటుందో అని భయపడుతూనే పెరిగింది. పిల్లలు ఆటలో బంతి విసిరినా చెయ్యి చెవి మీదికి పోయేది. ఈ భయమంతా తనమీద బాంబు విసిరిన ఒకడు తెచ్చిపెట్టాడని నమ్మితే, కనీసం ద్వేషించడానికి ఒక మనిషి దొరికాడు. ఇప్పుడు ఆ మనిషి కూడా లేకుండా పోయాడు.

జీపు వచ్చి ఆగింది. జమాల్ దిగాడు. అప్పుడూ ఇప్పుడూ పెద్దాయన జీపు డ్రైవరు అతనే. గడ్డం నెరిసింది గానీ మనిషి మారలేదు; నాలుగు మాటలు అడిగితే ఒకటి చెబుతాడు. మెట్టు మీద కూర్చున్న ఈశ్వరమ్మను చూసి తల దించుకున్నాడు. గుర్తుపట్టాడని అందరికీ అర్థమైంది.

"నన్ను గూడా ప్రొద్దుటూరు దాకా ఎక్కించుకుంటావా నాయనా?" అంది ఈశ్వరమ్మ.

"ఎక్కు పెద్దమ్మా," అన్నాడు జమాల్.

దారిలో ప్రేమకుమారి రెండుసార్లు జీపు ఆపించి వాంతి చేసుకుంది. రెండోసారి లేచి నిలబడినప్పుడు రోడ్డు పక్క వేపచెట్టు ఆమెకు రెండు చెట్లుగా కనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ సభకు పోనివ్వదు.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లకు ఆనాడు సగం తలుపులే తెరిచారు. బడి మైదానం నిండా జనం, జెండాలు, సుమోలు. చిన్నన్న వేదిక దిగివచ్చి ఆమెను తానే చేయి పట్టి ఎక్కించాడు. చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. కుర్చీ వేయించాడు, సోడా తెప్పించాడు, "శానా నొప్పిగా ఉండాదా టీచరమ్మా? రెండు నిమిషాలు, అంతే," అన్నాడు. తర్వాత మైకు అందుకుని గొంతు మార్చాడు.

"ఈ చెల్లెల్ని చూడండి! పాలు తాగే బిడ్డ. ఏం పాపం చేసింది? వాళ్ల బాంబులు పసిపిల్లను గూడా ఇడిసిపెట్టలేదు! నేను చిన్నపిల్లోన్ని అప్పుడు. ఈమె నెత్తి కట్టు నా కండ్లతో చూసి, ఆ పొద్దే అనుకున్యా, ఈ పగ మర్చిపోకూడదని!"

ప్రేమకుమారి అతని ముఖం చూసింది. అతను నటించడం లేదు. తండ్రి చెప్పినదాన్ని నమ్ముకునే ఇంతవాడయ్యాడు, తనలాగే. అది తెలిసేసరికి ఆమెకు భయం ఇంకా ఎక్కువైంది.

మైకు ఆమె చేతికి వచ్చింది. జడ పక్కకు తీసి మచ్చ చూపించింది, ఎప్పటిలాగే. జనం అయ్యో అన్నారు, ఎప్పటిలాగే.

"అమ్మలారా, అయ్యలారా. ఇది బాంబు దెబ్బ కాదు."

ముందు వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. అలవాటుగా కొట్టారు, మాట వినలేదు.

"నేను తలకాయలో నీళ్లతోనే పుట్టినా. వేలూర్లో గొట్టం ఏసిన మచ్చ ఇది. బాంబులు పడిన పొద్దు నేను ఊర్లోనే లేను. నా మీద మునె..."

మైకు చచ్చిపోయింది. వేదిక పక్కన ఎవరో తీగ లాగేశారు. జనంలో గుసగుస మొదలైంది. దూరంగా జీపు పక్కన ఈశ్వరమ్మ చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు కావలసిన పేరు సగంలో ఆగిపోయింది.

ప్రేమకుమారి మైకు కింద పెట్టింది. తరగతి నిండా పిల్లలు గోల చేస్తుంటే వెనక బెంచీ దాకా వినిపించే గొంతు ఆమెది. ఆ గొంతు ఎత్తింది.

"మునెయ్య నా మీద ఏ బాంబూ ఏయలేదు! ఆయప్పను ఊరికే సంపినారు!"

అంత గట్టిగా అరిచినందుకు తల పగిలిపోతున్నట్టయింది. జనం రెండుగా, నాలుగుగా కనిపించారు. కుర్చీ పట్టుకోబోయి పడిపోయింది.

జమాల్ జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కి ఆమెను రెండు చేతుల మీద మోసుకొచ్చాడు. ఈశ్వరమ్మ జీపు వెనక సీటులో కూర్చుని ఆ తలను ఒళ్లోకి తీసుకుంది. చెవి వెనక వేలు పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం. సంతోషమ్మ కూతురి కాళ్లు పట్టుకుని ప్రార్థన చేసుకుంటోంది.

జమాల్ తాళంచెవి పెట్టేసరికి చిన్నన్న వచ్చి జీపు ముందు నిలబడ్డాడు. చుట్టూ జనం మూగారు. అతని మనుషులు మూగారు. అతని ముఖంలో కోపం కంటే దిగ్భ్రమ ఎక్కువగా ఉంది.

"ఎవురీ ముసల్ది?"

"మునెయ్య పెండ్లాన్ని నాయనా," అంది ఈశ్వరమ్మ, వేలు ఆపకుండా.

చిన్నన్న ఒక్క అడుగు వెనక్కి వేశాడు. తర్వాత జమాల్ వైపు తిరిగాడు.

"ఆ పొద్దు వేలూరికి తోలింది నువ్వే గదా. ఈ జనం ముందర చెప్పు. బాంబు దెబ్బకే తీసుకపోయినావా, కాదా?"

జమాల్ స్టీరింగు పట్టుకుని ముందుకే చూశాడు.

"మా నాయన ఇన్నేండ్లు అబద్ధం చెప్పినాడా? బాంబేనని ఒక్క మాట చెప్పు, దోవ ఇస్తా, ఎనకాల ఇంకో బండి గూడా పంపిస్తా. చెప్పకుంటే ఈ జీపు కదల్దు."

ప్రేమకుమారి ఊపిరి గురక పెట్టినట్టు వస్తోంది. ఈశ్వరమ్మ వేలి కింద బుడిపె ఈసారి అసలే లేవలేదు.

"బాంబేనని చెప్పు జమాలూ," అంది ఈశ్వరమ్మ.

సంతోషమ్మ ఉలిక్కిపడి చూసింది.

"మునెయ్యే ఏసినాడని చెప్పు నాయనా. ఆయప్ప ఎట్లాగూ రాడు. పిల్ల బతకాల. చెప్పు, బండి తీయి."

ఆ మాట ప్రేమకుమారికి వినిపించింది. ఎక్కడో నీళ్ల అడుగునుంచి విన్నట్టు వినిపించింది. వద్దని తల ఊపాలనుకుంది. తల కదల్లేదు.

జమాల్ జీపు అద్దంలో వెనక సీటు వైపు ఒకసారి చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి నోరు తెరిచాడు. ఏం చెప్పాడో వచ్చే వారం చూద్దాం.